అక్క వాటా ఎన్ని గుంటలు? నల్లగొండ జిల్లా అన్నదమ్ములకు బహిరంగ లేఖ

అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం.

నల్లగొండ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో, తహసీల్దారు కార్యాలయానికి ఎదురుగా ఉన్న రేకుల గదిలో పన్నెండేళ్ళుగా దరఖాస్తులు రాస్తున్నాను. మొదట్లో చేత్తో రాసేదాన్ని, తర్వాత కంప్యూటర్ వచ్చింది. సర్కారు భూరికార్డుల పోర్టల్ ధరణి ఉన్నప్పుడు ధరణిలో స్లాట్లు బుక్ చేశాను, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భూభారతిలో చేస్తున్నాను. తండ్రి పోయాక భూమిని తమ పేరు మీదికి మార్చుకోవడానికి ఫౌతి విరాసత్ అని వచ్చే మీలో చాలామందికి నా ముఖం తెలుసు. మీ ఇంటి వారసుల పేర్లు వరుసగా టైపు చేసింది నేనే. అందులో మీ అక్కచెల్లెళ్ళ పేర్లూ ఉంటాయి. ఆ పేర్ల గురించే ఈ లేఖ.

కలెక్టరుకు రాయవచ్చు కదా అని ఒకరిద్దరు అన్నారు. కలెక్టరు చేతిలో ఉన్నది కలెక్టరు చేస్తారు. చట్టం ఉంది, తీర్పులున్నాయి. ఇంకా మిగిలిన పని మీ ఇంట్లో, మీ నోటితో జరగవలసింది. అందుకే మీకు రాస్తున్నాను.

పోయిన వానాకాలం, నాట్లు ముమ్మరంగా పడుతున్న రోజుల్లో, ఒక అరవై ఏళ్ళ ఆవిడ హాలియా వైపు నుంచి బస్సు దిగి వచ్చింది. చేతిలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణానికి ఇచ్చే సున్నా టికెట్టు ఇంకా అలాగే మడిచి పట్టుకుంది, ఎవరైనా అడుగుతారేమోనని. ఇద్దరు తమ్ముళ్ళు ఆమె కోసమే చూస్తున్నారు. తండ్రి పేరు మీద మూడెకరాల ఇరవై గుంటలు. వారసులు ఐదుగురు: తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. చిన్న కూతురు ముందే వచ్చి కూర్చుంది. భూమి ఇద్దరు కొడుకుల పేర్ల మీదికి వెళ్ళడానికి తమకు అభ్యంతరం లేదని మిగిలిన ముగ్గురు ఒప్పుకోవాలి. అంతే పని.

పెద్దావిడకు తోడుగా నేనూ లోపలికి వెళ్ళాను. వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టింది. పడలేదు. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టించారు. పడలేదు. చూపుడువేలు పెట్టించారు, ఎడమచేయి పెట్టించారు. నేను ఆ చేతిని నా చేతిలోకి తీసుకుని చూశాను. వేళ్ళ చివర గీతలే లేవు. కలుపు తీసీ తీసీ, పత్తి ఏరీ ఏరీ నునుపుగా అరిగిపోయాయి. పెళ్ళి కాకముందు తండ్రి చేలోనూ, ఆ తర్వాత అత్తవారి చేలోనూ, కూలికి ఊళ్ళో అందరి చేలల్లోనూ పనిచేసిన వేళ్ళవి. ఆరోసారి యంత్రం ఒప్పుకుంది. తమ్ముళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ పీల్చుకున్నాను.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అమ్మా, ఇందులో నీ వాటా ఎంతో తెలుసా?"

"నాకెందుకమ్మా? మా తమ్ముళ్ళు మంచివాళ్ళు" అంది.

ఎకరానికి నలభై గుంటల లెక్కన మొత్తం నూట నలభై గుంటలను ఐదుగురికి పంచితే తలా ఇరవై ఎనిమిది గుంటలు. ఆ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. తమ్ముళ్ళు చెప్పలేదు, పత్రం టైపు చేసిన నేనూ సంతకానికి ముందు చెప్పలేదు. ఆ సాయంత్రం గది తాళం వేస్తూ ఇక మీదట ఇలా చేయకూడదనుకున్నాను.

మీరు మంచివాళ్ళు కాదని నేను అనడం లేదు. ఆ తమ్ముళ్ళు ఆమెకు దారిలో తినమని అరటిపళ్ళు కొనిపెట్టారు, బస్సు ఎక్కించి కదిలేదాకా నిలబడ్డారు. ప్రేమ లేదని ఎవరనగలరు? రాఖీ పౌర్ణమి నాడు మన జిల్లా బస్టాండ్లలో కాలు పెట్టడానికి చోటుండదు. పిల్లల్ని చంకనెత్తుకుని, మిఠాయి పొట్లాలు పట్టుకుని ఆడవాళ్ళు మూడేసి బస్సులు మారి మీ ఇళ్ళకు వస్తారు. మీరు చెయ్యి చాపుతారు, కళ్ళకద్దుకుంటారు, చీర పెడతారు. ఆ ప్రేమ నిజమే. ఆ ప్రేమ పట్టా కాగితం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుందన్నదే నా ప్రశ్న.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఎదుటివాళ్ళ ఇళ్ళలోకే తొంగిచూసినట్టవుతుంది.

మా తాత దేవరకొండ తాలూకా నుంచి బొంబాయికి మట్టి పనికి పోయి, కూడబెట్టిన డబ్బుతో ఆరెకరాలు కొన్నాడు. సొంత కష్టార్జితం. వీలునామా రాయకుండానే 1997లో పోయాడు. అమ్మమ్మ అంతకుముందే పోయింది. ఇద్దరు మేనమామలు, మా అమ్మ. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ తలా రెండెకరాలు. మరుసటి ఏడాది బతుకమ్మ పండుగకు అమ్మ పుట్టింటికి వెళ్ళినప్పుడు స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి వచ్చింది. కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. నాకు బాగా గుర్తు.

2004లో మా నాన్న ఇల్లు కడుతున్నచోట పైనుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఇల్లు గడవలేదు. అమ్మ తమ్ముళ్ళ దగ్గరికి వెళ్ళి రెండెకరాలు కౌలుకు ఇవ్వమని అడిగింది. ఇచ్చారు. బోరు కింద వరి, పంటకు ఎకరాకు ఆరు బస్తాల కౌలు. 2005 నుంచి పదకొండు పంటలు పండించింది. అంటే నూట ముప్పై రెండు బస్తాల వడ్లు కొలిచి ఇచ్చింది. చట్టం తనదని చెప్పిన రెండెకరాలకు తానే కౌలు కట్టింది. ఊళ్ళో అందరితో "మా తమ్ముళ్ళు నన్ను కాదనలేదు" అని చెప్పుకునేది. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉండేది.

నేను ఈ పనిలో చేరి, ఎవరి కోసమో వారసత్వ పత్రాలు రాస్తూ చట్టం తెలుసుకున్నాక ఒక రాత్రి అమ్మకు చెప్పాను. వింటూ వింటూ చేటలో బియ్యం ఏరడం ఆపేసింది. "నేను బతికున్నంతకాలం ఆ మాట ఎత్తవద్దు" అంది. ఎత్తలేదు. 2019లో అమ్మ పోయింది, అప్పటికి యాభై ఏడేళ్ళు. పట్టా తన పేరున ఉంటే సర్కారు పెట్టుబడి సాయం రైతుబంధు వచ్చేది, రాలేదు. రైతుబీమా అప్పటికి మొదలై ఏడాదే అయింది. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ళ లోపు పట్టాదారు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు. మా అమ్మ పట్టాదారు కాదు. ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి సర్కారు లెక్కలో రైతే కాదు.

ఈ లేఖ రాస్తున్నానని మేనమామలిద్దరికీ ముందే చెప్పాను. పెద్దమామ మాట్లాడలేదు. చిన్నమామ చదివి వినిపించమన్నాడు. విన్నాక చాలాసేపు మంచంలో అలాగే కూర్చుని, "బస్తాల లెక్క సరిగ్గానే ఉంది బిడ్డా" అన్నాడు.

ఇక మీరు నా గదిలో కూర్చుని చెప్పే మాటలకు వస్తాను. పన్నెండేళ్ళుగా విన్నవే కాబట్టి నాకు కంఠతా వచ్చు.

కట్నం ఇచ్చాం కదా అంటారు. ఇచ్చారు, అప్పు చేసి ఇచ్చారు, భూమి అమ్మి ఇచ్చారు, అదీ చూశాను. కానీ ఆ కట్నం ఎవరి చేతికి వెళ్ళింది? మీ చెల్లెలి చేతికా? బావ అప్పులకు, అత్తగారింటి పెళ్ళిళ్ళకు, ఆడబిడ్డ లాంఛనాలకు వెళ్ళింది. మెడలో మిగిలిన బంగారం బ్యాంకులో తాకట్టులో ఉంది. 1961 నుంచి కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. నేరం కింద ఇచ్చినదాన్ని చూపించి హక్కు కింద రావలసినదాన్ని ఆపడం ఏ లెక్క? కట్నం ఇచ్చారు కాబట్టి కూతురి వాటా పోతుందని వారసత్వ చట్టంలో ఎక్కడా లేదు.

అమ్మానాన్నలను చూసుకునేది మేమే కదా అంటారు. కొందరు నిజంగా చూసుకుంటారు, వాళ్ళకు దండం పెడతాను. కానీ చూసుకునే చేతులు ఎవరివి? మంచం పట్టిన అత్తకు అన్నం కలిపి తినిపించేది, పక్కబట్టలు మార్చేది మీ భార్య. ఆమె కూడా ఎవరో ఒకరి అక్కో చెల్లెలో. తన పుట్టింట్లో సంతకం పెట్టి వచ్చిన మనిషే. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కూతుళ్ళనూ బాధ్యులను చేసింది. బాధ్యతలో కూతురు ఉంది, వాటాలో మాత్రం ఉండకూడదా?

ఇంకోటి చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. చెల్లెళ్ళ చేత సంతకాలు పెట్టించుకున్న మనిషే కొన్నాళ్ళకు భార్యను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మామగారి భూమిలో భార్య వాటాకు దరఖాస్తు ఎలా పెట్టాలని అడిగాడు. రాసిచ్చాను, అది ఆమె హక్కు. అప్పుడు చట్టం సెక్షన్లతో సహా ఆయన నాలుక చివర ఉంది. ఆరు నెలల ముందు ఆ చట్టం ఏమైంది?

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువగా కుంగదీసే మాట ఒకటి ఉంది. "పుట్టిల్లు కావాలా, భూమి కావాలా?" చాలాసార్లు ఇది ఎవరూ నోటితో అనరు. అనవలసిన అవసరం లేదు, ఆడపిల్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. భర్త తాగి కొడితే, మంచాన పడితే, అత్తవారు వెళ్ళగొడితే వెళ్ళడానికి ఆమెకు ఉన్న ఒకే ఒక్క గుమ్మం మీది. ఆ గుమ్మం మూసుకుపోకుండా ఉండడానికి ఆమె భూమి వదులుకుంటుంది. అది ఇష్టం కాదు, భయం. మీరు దాన్ని మంచితనం అని పిలుస్తున్నారు.

మనవైపు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తారు కదా. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, చీర, రవిక. మా అమ్మకు తమ్ముళ్ళు ఏనాడూ తప్పించలేదు. ఒడి నిండాక మా అమ్మ ఒక పని చేసేది. లేచే ముందు అందులోంచి మూడు దోసిళ్ళు తీసి మరదలి చేటలో తిరిగి పోసేది. అన్నీ తానే తీసుకుపోతే తమ్ముళ్ళ ఇల్లు వెలితి అవుతుందట. పుట్టింటి బియ్యం మూడు దోసిళ్ళు ఎక్కువ తీసుకోవడానికి మనసొప్పని మనిషి, రెండెకరాలు అడుగుతుందా? అడగదు. అడగదని మనందరికీ తెలుసు. అడగలేని మనిషికి అడగకుండానే ఇవ్వాలన్న ఆలోచన ఒక్కరికీ ఎందుకు రాలేదని అమ్మ పోయిన రోజు నుంచీ ఆలోచిస్తున్నాను.

చట్టం గురించి అనుమానాలు చాలా ఉన్నాయి కాబట్టి ఒకసారి చెబుతాను. తండ్రి సొంతంగా సంపాదించి, వీలునామా రాయకుండా పోతే ఆ భూమిలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నుంచే ఉంది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కూతురిని కొడుకుతో సమానం చేస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని ఆడపిల్లలకు అది వర్తించింది. కేంద్రం అదే పని చేయడానికి ఇంకో పంతొమ్మిదేళ్ళు పట్టింది. 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్ళయినా కాకపోయినా కూతురికి పుట్టుకతోనే హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చేసింది, ఉండనక్కరలేదని. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం కదిలించరు. "2005 తర్వాత పెళ్ళయినవాళ్ళకే" అని రచ్చబండ దగ్గర చెప్పే మాట తప్పు.

తండాల సంగతి వేరు, ఇంకా బాధాకరం. దేవరకొండ చుట్టుపక్కల లంబాడా ఆడవాళ్ళు వచ్చి అడిగితే నాకు జవాబు చెప్పడానికి నోరు రాదు. హిందూ వారసత్వ చట్టం రెండో సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు ఆ చట్టం వర్తించదు. దీన్ని సవరించే విషయం పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో కేంద్రానికి చెప్పింది. తండా అన్నదమ్ములారా, మీరు చట్టం కోసం ఆగనక్కరలేదు. చెల్లెలికి భూమి ఇస్తానంటే ఏ సెక్షనూ అడ్డురాదు.

ఇది సాయుధ పోరాటం నడిచిన జిల్లా అని మీరే సభల్లో చెబుతారు. ఆ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం, తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు వెళ్ళారు. ఆరుట్ల కమలాదేవి దళాల్లో పనిచేసి, 1952లోనే ఆలేరు నుంచి గెలిచారు. వారి ఫొటోలకు దండలు వేస్తాం. అప్పటి నినాదం మనందరికీ తెలుసు, దున్నేవాడికే భూమి. చిన్నప్పుడు నేనూ ఊరేగింపులో అరిచాను. పెద్దయ్యాక ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. దున్నేవాడికి. ఆడది నాగలి పట్టకూడదని మనమే కట్టుబాటు పెట్టుకున్నాం. నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది, వడ్లు ఆరబోసేది ఆడవాళ్ళు. ఆ పనుల్లో ఏదీ 'దున్నడం' కాదు కాబట్టి ఆమెది 'సాయం' అయింది, మీది వ్యవసాయం అయింది. ఇప్పుడు దున్నేది అద్దె ట్రాక్టరు. అయినా రైతు ఎవరంటే మగవాడి పేరే చెబుతారు.

పేరు లేకపోతే ఏమవుతుందో నా బల్ల దగ్గర రోజూ కనిపిస్తుంది. రైతు భరోసా ఎకరాకు ఏడాదికి పన్నెండు వేలు పట్టాదారు ఖాతాలోకి వెళ్తుంది. పాసుపుస్తకం లేనిదే పంట రుణం కోసం బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వరు. భర్త ముంబయికో పుణెకో పోతే ఆ చేనంతా చూసుకునేది ఆమె, సొసైటీ ముందు యూరియా కోసం వరుసలో చెప్పులు పెట్టేది ఆమె, పాసుపుస్తకం మాత్రం ఆయనది. 2015-16 వ్యవసాయ గణాంకాల్లో దేశం మొత్తం మీద కమతాల్లో ఆడవాళ్ళ పేరున ఉన్నవి సుమారు 14 శాతమే. ఇందిరమ్మ ఇల్లు ప్రభుత్వం ఆడవాళ్ళ పేరు మీద ఇస్తుంది. ఎవరో పరాయి ప్రభుత్వం ఆమె పేరు రాయగలిగినప్పుడు కన్నతండ్రి భూమిలో ఆమె పేరు ఎందుకు బరువైంది?

భూమి ముక్కలైపోతుందని అంటారు. ఇద్దరు అన్నదమ్ములున్నప్పుడూ ముక్కలవుతుంది, నలుగురున్నప్పుడూ అవుతుంది. అప్పుడెవరూ తమ్ముడిని వదులుకోమని అడగరు. బావ కాజేస్తాడని భయమైతే పట్టా చెల్లెలి పేరు మీదే చేయించండి, ఆమె సంతకం లేనిదే ఎవరూ అమ్మలేరు. ఉమ్మడి నల్లగొండలో హైవే పక్కన, రాబోయే రీజినల్ రింగు రోడ్డు వైపు ధరలు పెరిగాక విరాసత్ దరఖాస్తుల తొందర ఎక్కువైంది. ఎకరం వేలల్లో ఉన్నప్పుడు పదేళ్ళు పట్టించుకోని ఫౌతి, లక్షలైనప్పుడు పది రోజుల్లో కావాలంటున్నారు. ఆ పది రోజుల్లో చెల్లెలికి లెక్క చెప్పే తీరిక ఎవరికీ ఉండడం లేదు.

అందరూ ఇలాగే ఉన్నారని రాస్తే అబద్ధమవుతుంది. ఈ మధ్య చండూరు దగ్గరి ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. బత్తాయి తోట, నాలుగెకరాలు. తల్లిదండ్రులు లేరు, ఉన్నది ఆయన, ఒక చెల్లెలు. "రెండు రెండుగా రాయండి" అన్నాడు. నేను చెవులను నమ్మలేక మళ్ళీ అడిగాను. చెల్లెలు పక్కనే ఉండి "వద్దన్నా, వద్దు" అంటోంది. ఆయన ఆమెతో వాదించలేదు. "బోరు నా వైపు పడుతుంది, నీళ్ళు ఇద్దరికీ. అది కూడా కాగితం మీద రాయించుకో" అన్నాడు. వేలిముద్ర పెట్టేటప్పుడు ఆమె చెయ్యి వణికింది. అది ఆరు ముద్రలు తీసుకున్న యంత్రమే. ఈసారి మొదటిసారే పడింది.

నేను మీ నుంచి అడిగేది ఇది. స్లాటుకు ముందు ఒకరోజు అక్కనో చెల్లెలినో కూర్చోబెట్టి మొత్తం ఎన్ని గుంటలో, ఆమె వాటా ఎన్ని గుంటలో నోటితో చెప్పండి. పక్కన బావ ఉండనక్కరలేదు, పెద్దమనుషులు అక్కరలేదు. ఆ అంకె మీ నోటి నుంచి ఆమె చెవిన పడాలి. తర్వాత ఆమె ఏమంటుందో ఆగి వినండి. వద్దంటే ఎందుకు వద్దంటోందో అడగండి. భూమి తీసుకున్నా రాఖీకి రమ్మంటానని, ఒడిబియ్యం పోస్తానని ఆ మాట కూడా చెప్పండి. ఆ మాట చాలామంది ఆడవాళ్ళు ఒక్కసారి కూడా వినలేదు.

నా వైపు నుంచి ఒక మార్పు చేశాను. నా దగ్గర టైపు చేసే ప్రతి విరాసత్ దరఖాస్తుకు ముందు, ఎవరికి ఎన్ని గుంటలో ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అందరి ముందూ చదువుతున్నాను. అందుకు నా దగ్గరికి రావడం మానేసిన వాళ్ళున్నారు. ఫరవాలేదు.

మీరు వచ్చేటప్పుడు అక్క ఆధార్ కార్డుతో పాటు ఆమె బ్యాంకు పుస్తకం జిరాక్సు కూడా తీసుకురండి. పాసుపుస్తకం ఆమె చేతికి అందిన రోజే రైతు భరోసా దరఖాస్తు, రైతుబీమా కాగితాలు రాసిస్తాను. వాటికి డబ్బు తీసుకోను.

మీ చెల్లెలు,
దరఖాస్తులు రాసే మనిషి